బండి తల మొత్తం లేపాలంటున్నాడు!

ప్రశ్న: నాది 2006 ఫోర్డ్ ఎఫ్-250, 6.0 లీటర్ డీజిల్. హ్యూస్టన్ పక్కన మాకు చిన్న మేకల ఫామ్ ఉంది. ట్రైలర్ లాగడానికని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈమధ్య బరువు లాగినప్పుడల్లా కూలెంట్ డబ్బా మూత దగ్గర నీళ్లు చిమ్ముతున్నాయి. ఇంజిన్ బ్లాకుకూ దాని మీద బిగించే హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందనీ, క్యాబ్ మొత్తం లేపితేగానీ కుదరదనీ మెకానిక్ అంటున్నాడు. ఇంజిన్ బాగుచేయడానికి సీట్లు, స్టీరింగు, అద్దాలతో సహా లేపడమేమిటి? మా తమ్ముడేమో చైన్ కప్పీ తెచ్చి ఇంటి ముందే లేపేద్దాం అంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకుడు, కేటీ, టెక్సస్

జవాబు: నేను పని నేర్చింది విజయవాడ ఆటోనగర్‌లో. అక్కడి పాత లారీల్లో డ్రైవర్ పక్కన బానెట్ ఎత్తితే ఇంజిన్ ఎదురుగా ఉండేది. రాత్రి ప్రయాణాల్లో ఆ వేడి బానెట్ మీద కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. అందుకే ఇక్కడికొచ్చిన కొత్తలో ఓ షాపులో క్యాబ్ గాల్లో, చక్రాలూ ఇంజినూ నేల మీద ఉండటం చూసి, బండిని తుక్కుకి వేస్తున్నారనుకున్నాను.

క్యాబ్ లేపమన్నంత మాత్రాన మోసం అనుకోకండి. ఇది వి8. వైపుకు నాలుగు సిలిండర్లు. వెనక సిలిండర్లు ముందు అద్దం కిందికి, డాష్‌బోర్డు గోడ దాకా వెళ్లిపోతాయి. అక్కడి హెడ్ బోల్టుల్ని విప్పగలం కానీ పూర్తిగా పైకి లాగలేం, గోడకో ఏసీ పెట్టెకో తగులుతాయి. క్యాబ్ లేపకుండా చేసేవాళ్లు వాటిని రబ్బరు బ్యాండ్లతో పైకి కట్టి, హెడ్‌తో పాటే బయటికి తీస్తారు. నేనూ ఒకసారి అలాగే చేశాను. రెండు రోజులు ఫెండర్ మీద బోర్లా పడుకున్న పాపానికి నడుము వారం పట్టేసింది. నడుం సంగతి సరే, బ్లాకు పైభాగం అద్దంలా శుభ్రం చేయాలంటే కళ్లకు కనబడాలి కదా. బోల్టుల బదులు ఏఆర్‌పీ కంపెనీ స్టడ్లు (రెండు చివర్లా మరలుండే గట్టి కడ్డీలు) వేస్తే 210 ఫుట్-పౌండ్ల దాకా బిగించాలి. అంత పొడుగు రెంచి అద్దం కింద ఎలా తిప్పుతారు?

అయితే గ్యాస్కెట్టే పోయిందని మెకానిక్ ఎలా తేల్చాడో ముందు అడగండి. ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లార్చేది) లోపల చిల్లుపడినా కూలెంట్ తగ్గుతుంది, తెల్లపొగ వస్తుంది. దాన్ని మార్చడానికి క్యాబ్ కదపనక్కర్లేదు. కూలెంట్ డబ్బాకు ప్రెషర్ గేజీ తగిలించి, ట్రైలర్ కట్టి ఒక రౌండు తిప్పమనండి. మూత 16 పీఎస్ఐ ఒత్తిడి వరకే ఆపుతుంది. ముల్లు ఆ గీత దాటిపోతుంటే, తెల్లారి ఇంజిన్ చల్లారాక కూడా రేడియేటర్ హోస్ గట్టిగా ఉంటే, అప్పుడు అనుమానం గ్యాస్కెట్ మీదికే వెళ్తుంది. ఇంకోటి, మామూలు వేడికి వచ్చిన బండి హైవే మీద సమంగా పోతున్నప్పుడు ఆయిల్ వేడి కూలెంట్ వేడి కంటే 15 డిగ్రీల ఫారన్‌హీట్‌కు మించి ఉంటే ఆయిల్ కూలర్ పూడుకుపోయినట్టే. ఎలాగూ అంతా విప్పుతారు కాబట్టి దాన్నీ మార్పించండి. హెడ్‌లను మెషిన్ షాపుకు పంపి వంపు, పగుళ్లు చూపించకుండా తిరిగి బిగించనివ్వకండి.

ఇక మీ తమ్ముడి విషయం. వద్దని చెప్పండి. క్యాబ్‌ను రెండు స్తంభాల లిఫ్టు చేతుల మీద, ముందు రేడియేటర్ దగ్గర, వెనక గుమ్మాల కింద ఆనించి లేపుతారు. చైన్‌కు వేలాడే క్యాబ్ ఊగుతుంది. దాని కింద తల పెట్టి పని చేస్తారా? పైగా ఏసీ పైపులు విప్పాల్సి వస్తే, అందులోని గ్యాస్ గాల్లోకి వదలడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. మెషిన్ పెట్టి లాగాలి.

లేపే ముందు రెండు బ్యాటరీలూ, స్టీరింగ్ షాఫ్టూ, బ్రేకు పైపులూ, హీటర్ హోసులూ, పెద్ద వైరింగ్ కనెక్టర్లూ విడదీయాలి. ఎంత జాగ్రత్తపడినా ఒకటి మిగిలిపోతుంది. నాకు మిగిలింది ఇంజిన్ వెనక నుంచి క్యాబ్ గోడకు పోయే ఎర్త్ పట్టీ. చిన్నది, కనబడదు. లిఫ్టు నొక్కాను, టప్‌మని తెగింది. అప్పటి నుంచి రెండంగుళాలు లేపి ఆపుతాను. టార్చి పట్టుకుని చుట్టూ తిరిగి, ఎక్కడ బిగుసుకుందో చూశాకే మళ్లీ బటన్ మీద చెయ్యి వేస్తాను.

ప్రశ్న: మా ట్రక్కుకు ఇలాగే క్యాబ్ లేపి దించారు. ఇప్పుడు హారన్ మోగట్లేదు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరట్లేదు. ఇంజిన్ మాత్రం బాగుంది. - ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: స్టీరింగ్ షాఫ్టు విప్పాక స్టీరింగ్ చక్రాన్ని కట్టిపెట్టకపోతే ఎవరో ఒకరు తిప్పేస్తారు. చక్రం వెనక క్లాక్‌స్ప్రింగ్ అని చుట్టచుట్టిన సన్నటి తీగ ఉంటుంది. మీది అదే తెగి ఉంటుంది. షాపుకెళ్లి అడగండి, మార్చి ఇవ్వాల్సింది వాళ్లే. అందాకా ఎయిర్‌బ్యాగ్ ఉందన్న ధీమాతో బండి నడపకండి.