మెదిచీల మీద రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో చక్రం తిప్పిన బ్యాంకర్ల కుటుంబం మెదిచీల మీద నీ రాతప్రతి చదివాను. హత్యతో మొదలుపెట్టావు. 1478 ఏప్రిల్ 26న ఫ్లోరెన్స్ పెద్ద చర్చిలో జూలియానోని పొడిచి చంపడం, అన్న లొరెంజో మెడ మీద గాయంతో తప్పించుకోవడం రక్తి కట్టే ఘట్టాలే. కానీ అలా మొదలెడితే ఆ హత్య కుట్ర వల్లే మెదిచీల బ్యాంకు మునిగిందని పాఠకుడు అనుకుంటాడు. అప్పటికే అది లోపల గుల్లయిపోయింది. కత్తులు పక్కన పెట్టి పద్దులు తెరువు.

1397లో ఈ బ్యాంకు మూలపురుషుడు జొవాన్ని ది బిచ్చి ఫ్లోరెన్స్‌లో వ్యాపారం పెట్టినప్పుడు మూలధనం 10,000 ఫ్లోరిన్లు (ఫ్లోరెన్స్ బంగారు నాణేలు). అందులో ఆయన వాటా 5,500. మొదటి ఇరవై ఏళ్ల లాభాల్లో సగానికి పైగా రోమ్ శాఖదే, అంటే పోపు కొలువు చలవే.

వడ్డీ పాపమని చర్చి అంటుంటే పోపుకే బ్యాంకరుగా ఎలా నెగ్గుకొచ్చారు? దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. లెక్క వేసి చూపించు. వెనిస్‌లో 500 డుకాట్లు (వెనిస్ బంగారు నాణేలు) ఇచ్చి, మూడు నెలలకు లండన్‌లో డుకాటుకు 47 పెన్నీల చొప్పున చెల్లే హుండీ, అంటే వేరే ఊళ్లో సొమ్ము చెల్లించే పత్రం, కొన్నారనుకో. అక్కడ 23,500 పెన్నీలు చేతికొస్తాయి. వాటితో 44 పెన్నీల ధరకు వెనిస్ మీద తిరుగు హుండీ కొంటే, మరో మూడు నెలలకు 534 డుకాట్లు. వడ్డీ అన్న మాటే ఎక్కడా లేదు. ధర అడ్డం తిరిగితే నష్టమూ రావచ్చు. ఆ అవకాశం ఉండబట్టే దాన్ని వడ్డీ కిందకి లాగలేకపోయారు.

ఇక నీ కథకు అసలు ఘట్టం 1455లో బ్రూజ్ (ఇప్పటి బెల్జియంలోని ఊరు) కోర్టులో ఉంది. తొమ్మిది ఉన్ని బేళ్లు సరిగ్గా కట్టలేదని మిలాన్ వర్తకుడొకడు మెదిచీల బ్రూజ్ శాఖ మీద దావా వేశాడు. శాఖ తరఫున తొమ్మాజో పోర్తినారి, ఆ సరుకు అమ్మింది లండన్ శాఖ, అది వేరే భాగస్వామ్యం, మాకు సంబంధం లేదన్నాడు. కోర్టు ఒప్పుకుంది. ప్రతి శాఖకూ వేరే ఒప్పందం, వేరే మూలధనం, వేరే పుస్తకాలు. జొవాన్ని కొడుకు కోసిమో కాలంలో బ్యాంకు నిలబడింది శాఖల మధ్య ఈ గోడల మీదే.

ఆ పోర్తినారే తర్వాత బ్రూజ్ మేనేజరయ్యాడు. ఒప్పందంలో పరిమితి రాసి ఉన్నా దాటి బర్గండీ డ్యూక్ చార్లెస్‌కి అప్పులిచ్చాడు. 1477 జనవరిలో నాన్సీ దగ్గర యుద్ధంలో డ్యూక్ చచ్చాడు, బాకీ మొండిపడింది. లండన్‌లో రోగం వేరు: ఉన్ని ఎగుమతికి అనుమతి కావాలంటే రాజు నాలుగో ఎడ్వర్డ్‌కి అప్పివ్వక తప్పదు. ఆ ఉన్ని లేకపోతే ఫ్లోరెన్స్ మగ్గాలు ఆగుతాయి. కాబట్టి మేనేజర్లందర్నీ మూర్ఖులుగా చిత్రించకు, పోర్తినారిని మాత్రం వదలక్కర్లేదు. శాఖల మధ్య గోడ ఉంది నిజమే, కానీ ప్రతి ఒప్పందంలోనూ పెద్ద వాటా ఆ కుటుంబానిదే. నష్టం చివరికి చేరేది అక్కడికే.

వీళ్ల లెక్కలు తనిఖీ చేయాల్సినవాడు ఫ్రాంచెస్కో సాసెట్టి. నీ ప్రతిలో అతని పేరే లేదు. అంతకుముందు ఆ పని గట్టిగా చేసిన జొవాన్ని బెంచి 1455లో పోయాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఒక అధ్యాయం రాయి. 1494 నవంబరులో లొరెంజో కొడుకు పియెరోని ఊరు వెళ్లగొట్టిన ఘట్టానికి రెండు పేజీలు చాలు, అప్పటికి బ్యాంకులో మిగిలింది కొంచెమే.

ఇంకోటి, ఫ్లోరిన్లనీ డుకాట్లనీ కలిపేసి కూడావు. విడదీసి మళ్లీ పంపు.