కొత్త ఫిల్ము కోసం ఆగాలా? ముందు ఆ డబ్బా మూత తీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: విజయవాడలో తాతగారి బీరువాలో దొరికిన నెగటివ్‌లకు పుల్లటి వాసన వస్తోంది. మీ ఫోటోలకు ఆ గతి పట్టకూడదని, పాలిస్టర్ బేస్ (బొమ్మ పొరను మోసే ప్లాస్టిక్ పట్టీ) మీద మంచి కలర్ ఫిల్ము విడుదలయ్యేదాకా కెమెరాలో రీలు వేయకుండా ఆగుదామనుకుంటున్నారు. గుంటూరు అరండల్‌పేటలో మా నాన్నగారి స్టూడియోలో ముప్ఫై ఏళ్లు ఫిల్ము కడిగినవాడిని. ఫోటోలు తీయడం ఆపకండి. ఆ పుల్లటి వాసన సంగతి మాత్రం ఈ వారమే చూడండి.

ఆ వాసన నాకు బాగా తెలుసు. స్టూడియో మేడ మీద రేకుల గదిలో నాన్నగారు 1960ల నుంచి పెళ్లి నెగటివ్‌లను పాలిథిన్ సంచుల్లో చుట్టి, రేకు డబ్బాల్లో పెట్టి దాచారు. దుమ్ము సోకకూడదని అంత పదిలంగా మూయడమే వాటికి చేటు చేసింది. 2009 వేసవిలో తెనాలి నుంచి వృద్ధ దంపతులు తమ పెళ్లి నెగటివ్ ఉందేమోనని వచ్చారు. మూత తీయగానే ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నెగటివ్‌లు కాల్చిన అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. బేస్ కుంచించుకుపోయింది, పైన బొమ్మ ఉండే జెలటిన్ పొర దానితోపాటు కుదించుకోలేక ముడతలు పడింది. తాళి కట్టే ఘట్టంలో ఇద్దరి ముఖాలూ ఆ ముడతల్లోకే వెళ్లిపోయాయి. ఆ పెద్దావిడ నెగటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. ఆ డబ్బాలోని పన్నెండు పెళ్లిళ్లలో నేను కాపాడగలిగినవి నాలుగు.

ఇలా ఎందుకవుతుందో పత్తి తెలిసిన ఊరివాళ్లకు చెప్పడం తేలిక. జిన్నింగు మిల్లులో దూది తీశాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్. ఆ నూగు నుంచో, కలప గుజ్జు నుంచో తీసిన సెల్యులోజ్‌కు ఎసిటిక్ ఆమ్లపు అంశను జోడిస్తే ఎసిటేట్ తయారవుతుంది. దాన్ని ద్రావకంలో కరిగించి, పలుచని పొరగా పోసి ఆరబెడితే అదే ఫిల్ము బేస్. ఇప్పుడు వాడే రకాన్ని, ట్రైఎసిటేట్‌ను, కొడాక్ 1948లో తెచ్చింది. వేడి, తేమ తగిలేకొద్దీ జోడించిన ఆమ్లం మళ్లీ విడిపోతుంది. వెనిగర్‌లో ఉండేదీ ఆ ఆమ్లమే. విడిపోయిన ఆమ్లం బయటికి పోయే దారి లేకపోతే మిగతా బేస్‌ను మరింత త్వరగా తినేస్తుంది, పక్కనున్న మంచి నెగటివ్‌లనూ చెడగొడుతుంది. 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త ఎసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బు మొదలు కావడానికి దాదాపు 40 ఏళ్లు పడుతుందని రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క. మన మే నెలలో రేకుల గది ఆ 21 డిగ్రీలకు ఎంత దూరమో మీకు తెలుసు.

ఎసిటేట్‌ను ఇంతగా నిందిస్తున్నా, అది వచ్చిందే ప్రాణాలు కాపాడటానికి. దానికి ముందున్న నైట్రేట్ బేస్‌లో, మనం హారతికి వెలిగించే కర్పూరాన్నే మెత్తదనం కోసం కలిపేవారు. నైట్రేట్‌కు కాలడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది, కాబట్టి ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. 1950ల మొదట్లో దాని తయారీ ఆగిపోయింది. ఎసిటేట్ అంచు మీద ‘సేఫ్టీ’ అన్న మాట ముద్రించింది అందుకే. మీ తాతగారి నెగటివ్‌ల అంచున ఆ మాట కనిపిస్తే మంటల భయం లేదు.

ఇక మీరు ఎదురుచూస్తున్న పాలిస్టర్. శీతల పానీయాల సీసాలు చేసే ప్లాస్టిక్కే ఇది. దీనికి పులిసే గుణం లేదు, చేత్తో చించితే చిరగదు, నీళ్లు పీల్చదు కాబట్టి త్వరగా ఆరుతుంది. పెద్ద సైజు షీట్ ఫిల్ముల్లో, ఎక్స్‌రే ఫిల్ముల్లో, 1990ల నుంచి సినిమా ప్రింట్లలో అదే వాడుతున్నారు. మరి 35 ఎంఎం రీళ్లలో ఎక్కువ భాగం నేటికీ ఎసిటేట్ ఎందుకంటే, కంపెనీల పిసినారితనం కాదు. కెమెరాలో ఫిల్ము ఇరుక్కుంటే ఎసిటేట్ తెగుతుంది. పాలిస్టర్ తెగదు, పళ్లచక్రాలు విరుగుతాయి. సినిమా కెమెరాల్లో వేసే నెగటివ్‌ను ఎసిటేట్ మీదే ఉంచడానికి ముఖ్య కారణం ఇది.

రెండో చిక్కును నేను స్వయంగా అనుభవించాను. పారదర్శకమైన పాలిస్టర్ వెలుతురును గాజు తీగలా తన మందం గుండా లోపలికి మోసుకుపోతుంది. రోలై రెట్రో 80ఎస్ అనే పాలిస్టర్ ఫిల్మును ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద, ఎండలో నిలబడి కెమెరాలో వేశాను. డబ్బీ బయటికి వేలాడే ఫిల్ము కొస, అంటే నాలుక నుంచి వెలుతురు డబ్బీలోని చుట్టలోకి పాకింది. కడిగి చూస్తే మొదటి ఏడు ఫ్రేములు పొగచూరినట్టున్నాయి. గేట్ల కింద వల విసురుతున్న జాలరి బొమ్మ వాటిలోనే ఉంది. అప్పటి నుంచి పాలిస్టర్ రీలును ఇంట్లోనే, తలుపులు దగ్గరికి వేసి ఎక్కిస్తాను. ఎండ దండిగా ఉండే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

కలర్ విషయంలో మరొక సంగతి చెప్పాలి. బేస్ నూరేళ్లు నిలిచినా, దాని మీది రంగులు నిలవాలి కదా. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మ వెండితో ఏర్పడుతుంది. కలర్‌లో వెండి కడిగేస్తారు, అద్దకం రంగులే మిగులుతాయి. అవి వేడికి వెలిసిపోతాయి, కింద పాలిస్టర్ ఉన్నా సరే. పాలిస్టర్ మీద కలర్ ఇప్పటికే లేకపోలేదు: విమానాల నుంచి నేలను ఫోటో తీయడానికి కొడాక్ చేసిన ఏరోకలర్ IVను చిన్న సంస్థలు 35 ఎంఎం రీళ్లుగా చుట్టి అమ్ముతున్నాయి. కాబట్టి మనవళ్ల దాకా నిలవాలనుకున్న ముఖాలను బ్లాక్ అండ్ వైట్‌లో తీయండి, రంగు కావాల్సినవి కలర్‌లో తీసి వెంటనే స్కాన్ చేయించుకోండి. నేను చేస్తున్నది అదే.

ఆగవద్దని ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మును (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే రకం) మళ్లీ తెస్తామని కొడాక్ 2017 జనవరిలో ప్రకటించింది. ఆ రోజు నాకు పండగే. నాన్నగారి స్టూడియోలో చేత్తో గీసిన బ్యాక్‌గ్రౌండ్ తెర ఉండేది, నీలం రంగు సరస్సు, రెండు హంసలు. దాన్ని స్లైడ్ మీదే తీయాలని పట్టుబట్టి కూర్చున్నాను. ఈ ఏడాది వస్తుంది, వచ్చే నెల వస్తుంది అనుకుంటూ ఇరవై నెలలు గడిచాయి. ఫిల్ము 2018 సెప్టెంబరులో వచ్చింది. ఆ జూలైలోనే భవనం అమ్ముడై, వానల్లో కూల్చేశారు. తడిసిన తెర గోడ మట్టితోపాటు పోయింది. నా దగ్గర దాని బొమ్మ ఒక్కటీ లేదు. అప్పుడు అల్మారాలో నాలుగు మామూలు కలర్ రీళ్లు ఉన్నాయి, ఎసిటేట్‌వే. నాన్నగారైతే ఊటీలో తయారైన ‘ఇందు’ రీలు దొరికితే అది, ఏది దొరికితే అది వేసి తీసేవారు.

కొత్త ఫిల్ములంటే నాకు ఇప్పటికీ అంతే ఆశ. 2022లో కొడాక్ కలర్ ఫిల్ము గోల్డ్ 200 మళ్లీ 120 అనే వెడల్పాటి సైజులో వచ్చినప్పుడు, 2023 డిసెంబరులో హార్మన్ సంస్థ ఇంగ్లాండులోని తన ఫ్యాక్టరీలో ఫీనిక్స్ 200 కలర్ ఫిల్మును తయారుచేసి విడుదల చేసినప్పుడు తెప్పించుకుని తీశాను. రావాలి, ఇంకా రావాలి. కానీ చేతిలో ఉన్న రీలు తీస్తూ ఎదురుచూడాలి.

తాతగారి నెగటివ్‌లకు ఇలా చేయండి. డబ్బాలు, పాలిథిన్ తీసేసి, వాసన వస్తున్నవాటిని మిగతావాటి నుంచి వేరే గదిలో, గాలి ఆడేచోట నీడలో ఉంచండి. వంకర తిరిగినవాటిని బరువు పెట్టి చదును చేయాలని చూడకండి, పొర ఊడివస్తుంది. ముందుగా వాటినే స్కాన్ చేయించండి. బాగున్నవాటిని విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గదిలో కింది అరలో ఉంచండి. అటక మీద మాత్రం వద్దు. బీరువాలో కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు వేయకండి. అవి జబ్బును ఆపవు, దాని వాసనను కప్పేస్తాయి, అంతే. ఏది పాలిస్టరో తెలియకపోతే, తెల్లగా వెలుగుతున్న కంప్యూటర్ తెర ముందు నెగటివ్ పట్టి, కెమెరా పోలరైజింగ్ ఫిల్టర్‌ను తిప్పుతూ చూడండి: పాలిస్టర్ అయితే ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి, ఎసిటేట్‌లో కనిపించవు.

అంచుల మీద ఏ అక్షరాలు, అంకెలు ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. వాటిని బట్టి అది ఏ ఫిల్మో, దేన్ని ముందు స్కాన్ చేయించాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.