ఎస్‌టీ3 నంబర్ వచ్చింది, ఇల్లు ఇప్పుడే కొనేయాలా?

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు, భార్య, చిన్న పాప ఉన్నారు, యూకే వచ్చి ఐదేళ్ళయింది. యార్క్‌షైర్ అండ్ హంబర్‌లో వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జరీ ఎస్‌టీ3, అంటే ఆరేళ్ళ స్పెషలిస్ట్ ట్రైనింగ్ సీటు వచ్చింది, మొదటి పోస్టింగ్ లీడ్స్, తర్వాత హల్, షెఫీల్డ్ కూడా ఉండొచ్చంటున్నారు. ఆరేళ్ళు ఇక్కడే కదా అని లీడ్స్‌లో 3 లక్షల పౌండ్ల ఇల్లు చూస్తున్నాం. లైఫ్‌టైమ్ ఐసాలో (ప్రభుత్వం బోనస్ కలిపే పొదుపు ఖాతా) మూడేళ్ళుగా ఏటా 4,000 వేస్తున్నా. నాన్నగారు రిటైర్మెంట్ డబ్బుతో హైదరాబాద్‌లో ఫ్లాట్ కొని నా పేరు మీద పెడతానంటున్నారు. ఈఎంఐ కోసం ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పెన్షన్ ఆపేయమని ఫ్రెండ్స్ సలహా. ఏం చేయమంటారు?

డాక్టర్ గారూ, ముందుగా కంగ్రాట్స్. వాస్క్యులర్ ఈ దేశంలో జనరల్ సర్జరీ నుంచి విడిపోయి సొంత స్పెషాలిటీ అయిందే 2012లో, సీట్లు తక్కువ, మీకు వచ్చిందంటే దాని వెనక ఎంత కష్టం ఉందో నాకు తెలుసు.

ఇంటి సంగతి తర్వాత, ముందు హైదరాబాద్ ఫ్లాట్ గురించి మాట్లాడాలి, ఎందుకంటే మీ లెటర్‌లో ఒక్క లైన్‌లో రాసి వదిలేసిన ఆ విషయమే మీకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టేది. ఇంగ్లండ్‌లో ఫస్ట్ టైమ్ బయ్యర్ అంటే ఇక్కడ మొదటిసారి కొనేవాళ్ళు అని చాలామంది అనుకుంటారు, కాదండీ, ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ సొంత ఇల్లు లేనివాళ్ళు, గిఫ్ట్‌గా వచ్చినా వారసత్వంగా వాటా వచ్చినా సరే లెక్కే. ఇప్పుడున్న రేట్లతో 3 లక్షల ఇంటికి ఫస్ట్ టైమ్ బయ్యర్‌గా మీరు కట్టే స్టాంప్ డ్యూటీ సున్నా. నాన్నగారు ఫ్లాట్ మీ పేరు మీద పెట్టిన మర్నాడు అదే ఇల్లు కొంటే మామూలు డ్యూటీ 5,000, దాని పైన ఆ ఫ్లాట్ విలువ 40,000 పౌండ్లు దాటితే రెండో ఇల్లు కింద ఇంకో 5 శాతం అంటే 15,000, మొత్తం 20,000 పౌండ్లు. అక్కడితో అయిపోదు, లైఫ్‌టైమ్ ఐసా డబ్బు ఇల్లు కొనడానికి పనికిరాదు, ఇప్పుడే తీస్తే 25 శాతం కోత, బోనస్‌తో కలిపి 15,000 అయింది కాబట్టి చేతికొచ్చేది 11,250, మీరు వేసిన 12,000 కన్నా తక్కువ! వద్దనుకుంటే 60 ఏళ్ళ దాకా అలాగే ఉంచుకోవాలి.

అందుకని ఆ ఫ్లాట్ నాన్నగారి డబ్బు, నాన్నగారి పేరు మీదే ఉండనివ్వండి. మీరు డబ్బు పంపి ఆయన పేరు మీద పెట్టే ఆలోచన ఉంటే మాత్రం అస్సలు వద్దు, అసలు ఓనర్ ఎవరు అనే ప్రశ్న రెండు దేశాల్లోనూ వస్తుంది. మీ మిసెస్ పేరు మీద అక్కడ ఇల్లేదైనా ఉందేమో కూడా అడగండి, ఆ 5 శాతం విషయంలో భార్యాభర్తలు ఒక్కటే లెక్క. ఖాళీ ప్లాటు అయితే పర్లేదు.

ఇప్పుడు లీడ్స్ ఇల్లు. ఆరేళ్ళు ఒకే రీజియన్ అంటే ఆరేళ్ళు ఒకే ఊరు అని కాదు. పెద్ద ఆపరేషన్లన్నీ కొన్ని హబ్ హాస్పిటల్స్‌లోనే జరుగుతాయి, ట్రైనీలు ఆ హబ్‌ల మధ్య తిరుగుతారు, లీడ్స్ నుంచి హల్ దాదాపు 60 మైళ్ళు, ఎం62 మోటార్‌వే మీద గంట పైనే. రోజూ డ్రైవింగ్ ఎలాగోలా చేసినా ఆన్‌కాల్ రాత్రుల సంగతేంటి, అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) పగిలిందనో కాలికి రక్తం ఆగిపోయిందనో ఫోన్ వస్తే గంటన్నర తర్వాత వస్తానని మీరు చెప్పగలరా, చెప్పలేరు కదా, అంటే అక్కడ ఇంకో రూమ్ అద్దె, ఇక్కడ ఈఎంఐ. నా మాట వినండి, మొదటి ఏడాది అద్దెకే ఉండండి, ట్రైనింగ్ ప్రోగ్రామ్ డైరెక్టర్‌ని రాబోయే రెండు మూడు పోస్టింగ్‌లు ఎక్కడ ఉండొచ్చో అడగండి, వాళ్ళు గ్యారంటీ ఇవ్వకపోయినా ఒక అంచనా చెప్తారు, ఆ తర్వాత ఈ మూడు ఊళ్ళకీ అందుబాటులో ఉండే చోటు చూసుకోవచ్చు. ఆలోపు ఐసాలో ఇంకో 4,000 వేస్తే 1,000 బోనస్. ఇంకోటి, సీసీటీ (ట్రైనింగ్ పూర్తయినట్టు ఇచ్చే సర్టిఫికెట్) తర్వాత కన్సల్టెంట్ పోస్ట్ ఇదే రీజియన్‌లో వస్తుందనీ లేదు. రిలొకేషన్ (ఇల్లు మారే ఖర్చు), ఎక్సెస్ మైలేజ్ (అదనపు ప్రయాణం ఖర్చు) క్లెయిమ్‌లు ట్రైనీలకి ఉన్నాయి, మారకముందే అప్రూవల్ తీసుకోండి, తర్వాత అడిగితే కుదరదంటారు.

పెన్షన్ ఆపొద్దు. ఫ్రెండ్స్ జీతంలో కట్ అయ్యేది చూసి చెప్తున్నారు, ఇంగ్లండ్‌లో మీ ఎంప్లాయర్ వైపు నుంచి పడేది 23.7 శాతం, అది మీ పేస్లిప్‌లో నెట్ పేలో కనపడదు కాబట్టి ఎవరికీ పట్టదు. ఏ ఏడాది జీతంలో 54వ వంతు ఆ ఏడాది పెన్షన్‌గా జమ అవుతుంది, సర్వీస్‌లో ఉన్నన్నాళ్ళూ ధరలు పెరిగిన దానికన్నా 1.5 శాతం ఎక్కువే పెరుగుతుంది. మీ సర్వీస్ రెండేళ్ళు దాటింది కాబట్టి రేపు మీరు ఇండియా వెళ్ళిపోయినా అది మీదే. మీకేమన్నా అయితే కుటుంబానికి వచ్చేదీ ఇందులోనే ఉంది, చిన్న పిల్ల ఉన్నవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు.

సర్జన్ కదా, ఇన్‌కమ్ ప్రొటెక్షన్ (జబ్బు చేసి పని చేయలేకపోతే ఆదాయం ఇచ్చే ఇన్సూరెన్స్) కూడా చూడండి. ఐదేళ్ళ సర్వీస్ మీద ఆరు నెలలు ఫుల్ సిక్ పే, ఆరు నెలలు హాఫ్, తర్వాత ఏమీ లేదు. పాలసీలో ‘సొంత వృత్తి’ అనే డెఫినిషన్ ఉండాలి, చెయ్యి వణికి ఆపరేషన్ చేయలేకపోతే క్లినిక్‌లో కూర్చోవచ్చుగా అని క్లెయిమ్ కొట్టేసే పాలసీ మీకు దండగ.

ఇక చిన్న డబ్బు, కానీ మీ డబ్బు. జీఎంసీ (డాక్టర్ల రిజిస్ట్రేషన్ సంస్థ), రాయల్ కాలేజ్, ఇండెమ్నిటీ (వృత్తి బీమా), జేసీఎస్‌టీ (సర్జన్ల ట్రైనింగ్ చూసే సంస్థ) ఫీజులకి ట్యాక్స్ రిలీఫ్ ఉంది, 2010లో ఒక డెర్మటాలజీ రిజిస్ట్రార్ (ట్రైనీ డాక్టర్) కేసులో అప్పీల్ కోర్టు తీర్పు తర్వాత ట్రైనింగ్ కాంట్రాక్ట్‌లో తప్పనిసరి అయిన పరీక్షల ఫీజు కూడా అడగొచ్చు, మీకు ముందున్న ఎఫ్‌ఆర్‌సీఎస్ (సర్జన్ల ఫైనల్ పరీక్ష) దీని కిందకే వస్తుంది, స్టడీ బడ్జెట్ నుంచి వెనక్కి వచ్చినది మాత్రం కలపకండి. నాలుగేళ్ళ వెనక్కి క్లెయిమ్ చేయొచ్చు, 40 శాతం బ్యాండ్‌లో ఉన్న ఏళ్ళకి ప్రతి వెయ్యికీ 400 వస్తుంది.

నాన్నగారి రిజిస్ట్రేషన్ ఎప్పుడో మీరు రాయలేదు. స్లాట్ బుక్ అయిపోయి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి, మీ పేరు బదులు ఆయన పేరు రాయించమనండి, ఆయన బాధపడితే ఆ 20,000 లెక్క రూపాయల్లో చెప్పండి.