రెండు ట్యాంకుల పడవలో డీజిల్ ఒక పక్కకే ఎందుకు చేరుతుంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లా రంభ. చిలికా సరస్సులో యాత్రికులను తిప్పే మా ఫైబరు పడవకు నిరుడు డీజిల్ ఇంజను బిగించి, కుడి ఎడమల చెరొక యాభై లీటర్ల ట్యాంకు పెట్టించాం. రెండు ట్యాంకుల పైపులూ ఒక టీ జాయింటు దగ్గర కలిసి ఫిల్టరుకు వెళతాయి. రెండూ నింపి బయలుదేరినా కుడి ట్యాంకే ముందు ఖాళీ అవుతోంది, పడవ ఎడమకు ఒరుగుతోంది. ఎడమ ట్యాంకు గాలి పైపు మూతి దగ్గర ఎప్పుడూ డీజిల్ జిడ్డు కనిపిస్తోంది. మొన్న బ్రేక్‌ఫాస్ట్ ద్వీపం దాటాక, ఎడమ ట్యాంకు దాదాపు నిండుగా ఉండగానే ఇంజను ఆగిపోయింది. ఇంకా పెద్ద టీ జాయింటు వేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. వేయించమంటారా?

– ఒక పడవ యజమాని

జవాబు: వేయించవద్దు. మీరు రాసిన గాలి పైపు జిడ్డును బట్టి చూస్తే, లోపం డీజిల్ తీసుకునే దారిలో కంటే అది తిరిగి వచ్చే దారిలో ఉన్నట్టు తోస్తోంది. డీజిల్ ఇంజను పంపు లాగిన ఇంధనమంతా మండిపోదు. మిగిలినది రిటర్న్ పైపు గుండా మళ్ళీ ట్యాంకుకే చేరుతుంది. మీ పడవలో ఆ పైపును ఎడమ ట్యాంకుకు మాత్రమే కలిపి ఉంటారు. ముందుగా ఇంజను మీద నుంచి ఆ సన్నని పైపును చేత్తో పట్టుకుని చివరిదాకా వెళ్ళి చూడండి.

ఇంజను గంటకు ఇరవై లీటర్లు లాగి, ఎనిమిది మండించి, పన్నెండు తిరిగి పంపుతుందనుకుందాం (ఈ అంకెలు ఇంజను రకాన్ని బట్టి చాలా మారతాయి). టీ జాయింటు రెండు పక్కల నుంచీ సమంగానే, అంటే పదేసి లీటర్లు, తీసుకున్నా కుడి ట్యాంకులో పది తగ్గుతాయి. ఎడమ ట్యాంకులో పది తగ్గి పన్నెండు చేరతాయి, అంటే రెండు పెరుగుతాయి. ఎడమ ట్యాంకులో చోటు ఉంటే మూడు గంటలు నడిచేసరికి తేడా 36 లీటర్లు, బరువులో ఇంచుమించు 30 కిలోలు. ముందే నిండుగా ఉన్న ట్యాంకులో ఆ అదనపు డీజిల్‌కు చోటు లేదు కనుక అది గాలి పైపు నుంచి చిలికా నీళ్ళలోకి పోతుంది. 1981లో రామ్‌సర్ జాబితాకు (ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) ఎక్కిన సరస్సులో, చేపల మీదా పక్షుల మీదా ఇంతమంది బతుకు ఆధారపడిన చోట, ఈ ఒక్క కారణం చాలు పడవను మరమ్మతు అయ్యేదాకా ఒడ్డునే ఉంచడానికి.

ఒకసారి ఒరిగిన పడవ ఇంకా ఒరుగుతుంది. ఎడమ పక్క కిందికి దిగినప్పుడు, ఇంజను ఆగి ఉన్నా సరే, ఎత్తున ఉన్న కుడి ట్యాంకులోని డీజిల్ అదే టీ జాయింటు గుండా పల్లానికి పారగలదు. రెండు ట్యాంకుల అడుగులనూ ఒక పైపుతో కలిపితే అవే సమమవుతాయని కొందరు చెబుతారు. కదలని తొట్లకు ఆ మాట చెల్లుతుంది గాని, అలలకూ ప్రయాణికుల బరువుకూ ఊగే పడవకు చెల్లదు. పైగా ఆ ఒక్క పైపు పగిలితే రెండు ట్యాంకులూ పడవ అడుగునే ఖాళీ అవుతాయి.

ఇంజను ఆగడానికి కారణం గాలి. కుడి ట్యాంకు అడుగంటగానే అటు వైపు పైపు నోరు గాలిలో తేలింది. పంపుకు డీజిల్ కంటే గాలిని లాగడం తేలిక కనుక, పక్కన ఎంత డీజిల్ ఉన్నా ఇంజనుకు ఎయిర్ పట్టింది. జాయింటును ఎంత పెద్దది చేసినా ఇది మారదు.

మీకు కావలసినది ఆరు దారుల సెలెక్టర్ వాల్వు. దాని పిడిని ఒకసారి తిప్పితే తీసుకునే దారీ, తిరిగి వచ్చే దారీ రెండూ ఒకే ట్యాంకుకు మారతాయి. ఖర్చు తగ్గుతుందని రెండు విడి వాల్వులు పెట్టించుకోకండి; హడావుడిలో ఒకటి తిప్పి రెండోది మరిచిపోతే మళ్ళీ ఇదే కథ. రిటర్న్ దారి పూర్తిగా మూసుకుపోయే వాల్వు మరీ ప్రమాదం, ఎందుకంటే ఒత్తిడి పెరిగి పంపు సీళ్ళు పాడయ్యే అవకాశం ఉంది.

వాల్వు పెట్టాక గడియారాన్ని బట్టి, అరగంటకొకసారి ట్యాంకు మార్చండి. లోతు తక్కువ కాలువలోనో, జెట్టీకి చేరువలోనో మార్చకండి. మార్చిన కొద్ది నిమిషాల దాకా, పైపులో పాత డీజిల్ అయిపోయేవరకు, లోపం బయటపడకపోవచ్చు. బయలుదేరే ముందే రేవులో రెండు ట్యాంకుల మీదా ఇంజనును కాసేపు నడిపి చూడడం మేలు. మొత్తం ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ఎదురుగాలికి అని ఉంచుకోండి.

ఇంతా చేసి, రిటర్న్ పైపు సరిగానే ఉందని తేలితే, కుడి ఎడమల గాలి పైపులను చూడండి. ఉప్పు పేరుకున్నా, కుమ్మరి పురుగు మట్టి గూడు పెట్టినా ఆ ట్యాంకులోకి గాలి చేరక డీజిల్ రాదు. అనుమానమున్న ట్యాంకు మూత వదులు చేయగానే డీజిల్ మామూలుగా వస్తే లోపం అక్కడే. అలాగే ఒరుగు ఎంతో ఖాళీ పడవలోనే కొలవండి. పక్షులు కనబడగానే యాత్రికులందరూ ఒకే పక్కకు చేరతారు కదా.

ప్రశ్న: గోపాల్‌పూర్ దగ్గర సముద్రంలో వేటకు వెళతాం. పడవ వెనక బయట బిగించే పెట్రోలు అవుట్‌బోర్డ్ ఇంజనుకు, చేత్తో మోసుకెళ్ళే ట్యాంకులు రెండున్నాయి. రెండింటినీ ఒకేసారి కలపవచ్చా?

– ఒక మత్స్యకారుడు

జవాబు: కలపకండి. మీ తరహా ఇంజన్లలో సాధారణంగా ట్యాంకుకు రిటర్న్ పైపు ఉండదు గాని, ఖాళీ ట్యాంకు నుంచి గాలి లాగే ప్రమాదం మీకూ అంతే. ఒకదాని తర్వాత ఒకటి వాడండి. నడిచే ట్యాంకు మూత మీది గాలి మరను తెరిచి ఉంచండి. పైపు మధ్యలో ఉండే చేతి పంపు రబ్బరు బల్బు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తే ఆ మర మూసి ఉందనో, ట్యాంకు నుంచి వచ్చే దారి పూడిందనో అర్థం. తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డు దగ్గరి అలల వరుసలోకి దిగకముందే, బయట నెమ్మదిగా ఉన్న నీటిలోనే నిండు ట్యాంకుకు మార్చుకోండి. అలల మధ్య ఇంజను ఆగితే పడవ అడ్డం తిరిగి బోల్తా పడవచ్చు.