అద్దం నల్లగా ఉంటే సరిపోదు

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. విశాఖపట్నంలో ఉంటాం. ఆదివారాల్లో పొద్దున్నే పిల్లలతో రుషికొండ బీచ్‌కు వెళ్తుంటాం. నాకు మైనస్ 3 పవర్ ఉంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే నీళ్లలో దిగుతాను. వాటిపై రోడ్డు పక్కన కొన్న నల్ల కళ్లద్దాలు వాడుతున్నాను. రెండు నెలలకే వాటి నిండా గీతలు పడ్డాయి. ఎలాంటివి కొనాలి, ఎలా చూసుకోవాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: మీరు అడగకపోయినా ముందు చెప్పాల్సింది ఒకటుంది: కాంటాక్ట్ లెన్సులతో సముద్రంలో దిగకండి. నీటిలో ఉండే అకాంతమీబా వంటి సూక్ష్మజీవులు లెన్సును పట్టుకుని కార్నియాకు (కంటి ముందున్న పారదర్శక పొరకు) ఇన్ఫెక్షన్ తేవచ్చు. ఇది అరుదే అయినా చూపు మీదికి వచ్చే జబ్బు. లెన్సులు తడిసిన తర్వాత కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతుంటే వాటిని తీసేసి అదే రోజు కంటి వైద్యులను కలవండి. పవర్‌తోనే చేయించుకున్న చలువ కళ్లద్దాలు మీకు మేలు.

అద్దం ఎంత నల్లగా ఉంటే కంటికి అంత రక్షణ అనుకోవడం పొరపాటు. వెలుతురు తగ్గితే కంటిపాప విచ్చుకుంటుంది కాబట్టి, అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపే గుణం లేని నల్లటి అద్దం వల్ల ఆ కిరణాలు మరింతగా కంటి లోపలికి చేరే ప్రమాదం ఉంది. 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు ఉన్న యూవీ కిరణాలను అడ్డుకునే 'యూవీ 400' రకం తీసుకోండి. అయితే స్టిక్కర్ ఎవరైనా అంటించవచ్చు కనుక, కళ్లద్దాల దుకాణంలో యూవీ మీటర్‌తో పరీక్షించమని అడగండి. పోలరైజ్డ్ అద్దం నీటి మీది మెరుపును తగ్గిస్తుందే తప్ప, ఆ ఒక్క గుణంతోనే యూవీ రక్షణ రాదు.

మనది తూర్పు తీరం. పొద్దుటి ఎండ సముద్రం మీద నుంచి ఏటవాలుగా నేరుగా ముఖానికే కొడుతుంది. దానికి తోడు పొడి ఇసుక సుమారు 15 శాతం, అలల నురగ సుమారు 25 శాతం యూవీని తిప్పికొడతాయి. అందుకే పక్కల నుంచి కూడా కంటిని కప్పే వెడల్పాటి ఫ్రేమ్ మంచిది. ఏళ్ల తరబడి ఎండలో, గాలిలో పనిచేసే మత్స్యకారుల్లో ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం మేం తరచూ చూస్తుంటాం. పిల్లలకూ ఇలాంటి అద్దాలే కొనండి, బొమ్మల కొట్టువి వద్దు.

గీతల సంగతికొస్తే, తప్పు బహుశా మీరు అద్దాలు తుడిచే చున్నీది. ఉప్పు, ఇసుక రేణువులు అంటుకున్న అద్దాన్ని పొడిగా తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు మంచినీళ్లతో కడిగి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో వేళ్లతో మెల్లగా రుద్ది, మళ్లీ కడిగాకే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఆ వేడికి పైపూత బీటలు వారుతుంది. ఇప్పుడున్న జతను సానపట్టించాలని మాత్రం చూడకండి, ఉన్న పూత కూడా పోతుంది.