ఫిషర్ నొప్పికి ఇంట్లో ఏం చేయొచ్చు

అన్నా, మోషన్‌కి వెళ్తే కోసినట్టు నొప్పి, తర్వాత గంటసేపు మంట, కడుక్కునేటప్పుడు ఎర్రగా రెండు చుక్కల రక్తం అని రాశారు. పైల్సేమోనని టెన్షన్ పడుతున్నారు గానీ, ఇది ఫిషర్ (మలద్వారం దగ్గర చర్మం చీలడం) లాగే ఉంది. పైల్స్‌లో మామూలుగా రక్తం పడుతుంది, నొప్పి ఇంతగా ఉండదు. ఏదైనా ఒకసారి డాక్టరుకు చూపించి ఖాయం చేసుకోండి.

ఇది మొండిగా ఉండటానికి కారణముంది. నొప్పికి అక్కడి కండరం బిగుసుకుంటుంది, బిగిస్తే రక్తం సరిగా అందదు, పుండు మానదు. భయపడి ఆపుకుంటే మలం ఇంకా గట్టిపడి మళ్లీ చీలుతుంది. ఆ బిగువు వదలడానికే వేడినీళ్లు. వెడల్పాటి టబ్‌లో గోరువెచ్చని నీళ్లు పోసుకుని, పిరుదులు మునిగేలా 10-15 నిమిషాలు కూర్చోండి. మోషన్ అయిన వెంటనే తప్పకుండా, వీలైతే ఇంకో రెండుసార్లు. అందులో డెట్టాల్ లాంటివి పోయొద్దు, మంట పెరుగుతుంది. తర్వాత రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దుకోండి.

మలం మెత్తబడటానికి రాత్రి ఇసబ్‌గోల్ (పీచు పొట్టు) పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగేయండి. పగలంతా నీళ్లు బాగా తాగాలి, మన కడప ఎండలకు మరీను. రాగి సంగటి మానొద్దు, పక్కన ఆకుకూర పప్పు పెట్టుకోండి. కారం దోశ మాత్రం కొన్నాళ్లు వద్దు (కష్టమే, తెలుసు). బాత్రూంలోకి ఫోన్ కూడా వద్దు.

కొత్త ఫిషర్ చాలావరకు కొన్ని వారాల్లో మానుతుంది. 6 వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్లు కండరం వదులయ్యేలా డిల్టియాజెమ్ లాంటి ఆయింట్‌మెంట్ రాస్తారు. జ్వరం, చీము, రక్తం ఎక్కువ పోవడం ఉంటే మాత్రం అన్నాళ్లు ఆగకండి.