ఎఫ్‌టీపీ 280 వాట్లు, వచ్చే సీజన్‌కి ఏం లక్ష్యం పెట్టుకోవాలి?

సైకిల్ రేసులు తొక్కే మీ తమ్ముడికి 22 ఏళ్లు, 64 కిలోలు, ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలకడగా తొక్కగల గరిష్ఠ పవర్) 280 వాట్లు, ఉండేది బెంగళూరులో. వచ్చే సీజన్‌లో రోడ్ నేషనల్స్‌లో (జాతీయ రోడ్ సైక్లింగ్ పోటీల్లో) మొదటి పదిమందిలో ఉండాలని, ఆపైన ఏదైనా కాంటినెంటల్ టీమ్‌లో (అంతర్జాతీయ రేసుల టీముల్లో మూడో మెట్టు) చేరాలని ఆశ. అవుతుందా అని అడిగారు.

ముందు వయసు చూడండి. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) లెక్కలో అండర్-23 అంటే 19 నుంచి 22 ఏళ్లు. పుట్టినరోజుతో పనిలేదు, పుట్టిన సంవత్సరమే లెక్క. వచ్చే ఏడాది 23 నిండేటట్టయితే జనవరి 1 నుంచే ఎలీట్‌ (పెద్దల వర్గం) కిందికొస్తాడు. అప్పుడు మొదటి ఏడాదే టాప్ టెన్ అంటే చాలా గట్టి లక్ష్యం.

కిలోకి 4.4 వాట్లు మంచి అంకే. కానీ రేసు తేలేది దాని మీద కాదు. మూడు గంటలు తొక్కాక చివరి క్లైంబ్‌లో ఐదు నిమిషాలు ఎంత తొక్కగలడన్నదే అసలు సంగతి. అందుకే "ఎఫ్‌టీపీ 300" అని రాసుకోవద్దు. "2000 కిలోజూళ్లు ఖర్చయ్యాక కూడా ఐదు నిమిషాల పవర్ 5 శాతం కంటే ఎక్కువ పడిపోకూడదు" అని రాసుకోమనండి.

దీన్ని కొలవడానికి బెంగళూరు దగ్గరి నంది కొండే సరైన చోటు. ఒకరోజు తాజా కాళ్లతో కొండ ఎక్కుడు మొదట్లో ఐదు నిమిషాలు పూర్తి బలంతో తొక్కించండి. నాలుగైదు రోజుల తర్వాత దేవనహళ్లి, చిక్కబళ్లాపుర వైపు సగటున 200 వాట్లతో తిప్పండి. గంటకు 720 కిలోజూళ్లు చొప్పున 2000 దాటడానికి 2 గంటల 50 నిమిషాలు కావాలి. ఆ వెంటనే అదే చోట అదే ఐదు నిమిషాలు. తేడా 10 శాతం దాటితే ఇంటర్వల్స్ (మధ్యలో విరామాలిస్తూ గట్టిగా తొక్కే సాధన) పెంచి లాభం లేదు, వారానికి రెండు లాంగ్ రైడ్లు, రైడ్‌లో తిండి సరిచేయాలి. చాలామందికి తిండి దగ్గరే దెబ్బ. గంటకు 80 గ్రాముల కార్బ్ (పిండిపదార్థం, చక్కెర) పడాలి. 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో 80 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, నిమ్మరసం చాలు. రేసు రోజే మొదలుపెడితే కడుపు తిరగబడుతుంది, 40 గ్రాములతో మొదలుపెట్టి ఆరు వారాల్లో పెంచండి.

రెండు టెస్టులకూ ఒకే పవర్ మీటర్ (వాట్లు కొలిచే పరికరం) వాడాలి, ఎక్కే ముందు జీరో ఆఫ్‌సెట్ (మీటర్‌ని సున్నాకు సరిచేయడం) చేయాలి. ఎడమ క్రాంక్‌కి (పెడల్ తగిలించే కడ్డీకి) మాత్రమే ఉండే మీటర్లు ఒక కాలి లెక్కనే రెట్టింపు చేసి చూపిస్తాయి, కాలు అలిసే కొద్దీ ఎడమ కుడి తేడా మారితే ఆ అంకె నమ్మలేం.

ఇంకో చిక్కు ఎండ. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి కాస్త చల్లన, పైగా అందరూ తెల్లారకముందే తొక్కేసి ఇంటికొస్తారు. పల్లపు మైదాన ప్రాంతంలో మధ్యాహ్నం రేసంటే ఆవిరైపోతారు. రేసుకు రెండు వారాల ముందు నుంచి రోజూ గంటసేపు ఫ్యాన్ లేకుండా ట్రైనర్ (ఇంట్లో సైకిల్ బిగించి తొక్కే స్టాండ్) మీద తొక్కిస్తే చాలావరకు అలవాటవుతుంది. ఆ రైడ్లు తేలిగ్గానే ఉండాలి, అందులో వాట్లు వెతకొద్దు.

రేసు ముందు ఆఖరి పది రోజులు తొక్కే గంటలు 40 శాతం తగ్గించండి, తీవ్రత తగ్గించొద్దు.

కాంటినెంటల్ టీమ్ ఈ ఏడాదే అని పట్టుబట్టొద్దు. 2026 జనవరిలో జరిగిన పుణె గ్రాండ్ టూర్ యూసీఐ 2.2 స్థాయి రేసు (కొన్ని రోజులపాటు సాగే అంతర్జాతీయ రేసుల్లో కింది మెట్టు). ఆ స్థాయిలో జాతీయ జట్టు జెర్సీతోనూ దిగొచ్చు, కాబట్టి ముందు నేషనల్స్ ఫలితం రావాలి. టీమ్‌కి రాసేటప్పుడు ఎఫ్‌టీపీ స్క్రీన్‌షాట్ కాదు, ఆ రేసు ఫలితం, దాని పూర్తి పవర్ ఫైలు జతచేయించండి.